కింది ఫ్లోర్ వాళ్లు ఇచ్చి వెళ్లిన రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్, 4 అడుగుల ట్యాంకు సరిపోతుందా?

నిజాంపేట_నీళ్లు (హైదరాబాద్)
అందరికీ నమస్తే. నాకు గప్పీలు, మోలీలు పెంచడం వరకే తెలుసు. మా కింది ఫ్లోర్ వాళ్లు బెంగళూరు మారిపోతూ వాళ్ల ట్యాంకుని, అందులో ఉన్న రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్‌ని మాకు ఇచ్చేసి వెళ్లారు. ట్యాంకు 4 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు. చేప ఇప్పటికే 14 అంగుళాలు ఉంది, గాజుకి టేపు ఆనించి కొలిచాను. పైన ఒక టాప్ ఫిల్టర్, ఒక ఎయిర్ పంపు ఉన్నాయి. వాళ్లు రోజూ చికెన్ ముక్కలు వేసేవారట, నేనూ అవే వేస్తున్నాను. నీళ్లు మార్చిన మర్నాటికే మబ్బుగా అయిపోతున్నాయి, వాసన కూడా వస్తోంది. షాపులో అడిగితే "ట్యాంకు ఎంత ఉంటే చేప అంతే పెరుగుద్ది సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. ఇది నిజమేనా? పిల్లలకి ఈ చేపంటే ప్రాణం, నాకూ పంపేయాలని లేదు. కానీ అది ఒక మూల నుంచి ఇంకో మూలకి తిరగడానికి పడే అవస్థ చూస్తుంటే ఏదో తేడాగా ఉందనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కొల్లేటి_గట్టు (ఆకివీడు)
షాపతను చెప్పింది పూర్తిగా తప్పండి. ఈ మాట నమ్మి ఎన్ని చేపలు పోయాయో లెక్కే లేదు. ట్యాంకు చూసి చేప పెరగడం ఆపుకోదు. చిన్న నీళ్లలో మురికి పేరుకుని, తిండి ఒంటబట్టక, వెన్ను వంకర తిరిగి, కొన్నాళ్లకి చనిపోతుంది. అలా చచ్చిపోయిన చేపని చూసి "చిన్నగానే ఉండిపోయింది" అంటారు.

రెడ్ టెయిల్ అనేది దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో లాంటి పెద్ద నదుల చేప. అక్కడ 4 అడుగులు దాటుతుంది, 50 కిలోలు దాటినవి కూడా పట్టారు. షాపులో రెండు మూడంగుళాల పిల్లగా ఉన్నప్పుడు నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నారింజ రంగు తోక, పొడుగు మీసాలతో ఎవరికైనా ముద్దొస్తుంది. బాగా మేపితే మొదటి ఏడాదిలోనే అడుగున్నర దాటడం మామూలే. పైగా పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. మీది ఇంకా పిల్లే. అసలు ఇది ఇంట్లో పెంచాల్సిన చేపే కాదండి.

విశాఖ_జలచరం (విశాఖపట్నం)
ముందు నీళ్ల సంగతి చూద్దాం, మిగతావి తర్వాత. మబ్బు, వాసన రెండూ ఉన్నాయంటే ఫిల్టర్ ఆ చేప వదిలే వ్యర్థాన్ని తట్టుకోలేకపోతోంది. అది రోజూ చికెన్ తిని అమ్మోనియా వదులుతుంది. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చాలి. మీ టాప్ ఫిల్టర్‌లో ఉండే ఆ కాస్త స్పాంజిలో అంత బ్యాక్టీరియా పట్టదు. పైగా మీరు బోరు నీళ్లు వాడుతుంటే పీహెచ్ ఎక్కువ ఉండే అవకాశం ఉంది. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది, అందుకే ఎండాకాలంలో మన దగ్గర పెద్ద చేపలు ఉన్నట్టుండి పోతాయి.

ఇవాళే చేయాల్సినవి చెప్తాను. చికెన్ ఆపేయండి. రెండ్రోజులు అసలు ఏమీ వేయొద్దు, దానికేమీ కాదు. మూడో వంతు నీళ్లు మార్చండి, రేపు మళ్లీ మార్చండి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపండి. స్పాంజిని మాత్రం కుళాయి కింద కడగొద్దు, ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే పిండండి, లేకపోతే ఉన్న బ్యాక్టీరియా కూడా పోతుంది. డ్రాప్స్ వేసి చూసే అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనండి, రంగు చూస్తే మీకే అర్థమవుతుంది. కింద గులకరాళ్లు ఉన్నాయా?

నిజాంపేట_నీళ్లు
ఉన్నాయి మేడమ్, తెల్ల గులకరాళ్లు. ఒక ప్లాస్టిక్ కోట కూడా ఉంది. నీళ్లు బోరువే.

ఓరుగల్లు_మాన్‌స్టర్ (వరంగల్)
గులకరాళ్లు వెంటనే తీసెయ్ అన్నా. రెడ్ టెయిల్ నోట్లో పట్టే ప్రతిదీ మింగుతది. రాళ్లు, థర్మామీటరు, హీటర్ వెనక రబ్బరు బిళ్లలు, ఏవీ వదలదు. నా దగ్గర ఉన్న దాంట్లో ఒకటి పిల్లగా ఉన్నప్పుడు సక్షన్ కప్పు మింగి, కొన్ని రోజులకి కక్కింది. అది కక్కింది కాబట్టి బతికింది, పేగులో ఇరుక్కుంటే చేసేదేం లేదు. దాని ఒంట్లో సగం పొడవున్న చేపని కూడా ఒక్క గుటకలో లాగేస్తది. పక్కన ఏ చేపనీ వెయ్యకు.

పైన కొల్లేటి అన్న చెప్పినట్టు ఇది ఇంట్లో అస్సలు పెంచకూడని చేప అని మాత్రం నేను ఒప్పుకోను. నేను పెంచుతున్నా. ఇంటి వెనక షెడ్డులో 12 అడుగుల పొడవు, 8 వెడల్పు, 4 లోతు సిమెంటు తొట్టి కట్టించినా, మూడున్నర అడుగుల వరకు నింపుతా, దగ్గర దగ్గర తొమ్మిదిన్నర వేల లీటర్లు. పక్కనే ఫిల్టర్ కోసం వేరే తొట్టి, రెండు మోటర్లు, కరెంటు పోతే ఇన్వర్టర్. అందులో రెండు రెడ్ టెయిల్స్, ఒక టైగర్ షవల్‌నోస్ (ఇంకో రకం పెద్ద క్యాట్‌ఫిష్) ఉన్నయి. సాయంత్రం లైటు ఆర్పినంక పెద్దది గోడ వెంట మీసాలతో తడుముకుంటూ మెల్లగ తిరుగుతుంటే చూడాలె. ఇష్టముంటే, చోటుంటే, ఖర్చు పెట్టగలిగితే పెంచొచ్చు.

కొల్లేటి_గట్టు
మీరు పెంచేది ఇంట్లో కాదండి, చెరువులో. దాన్నెవరు కాదంటారు? తొమ్మిదిన్నర వేల లీటర్లు ఎంతమందికి కుదురుతాయి? అపార్టుమెంటుల్లో ఉండేవాళ్లకి ఆ పిల్లని అమ్మడమే నాకు బాధ. మీరు "పెంచొచ్చు" అన్న మాట మూడడుగుల ట్యాంకు ఉన్న కుర్రాడు చదివి రేపే కొంటాడు.

ఓరుగల్లు_మాన్‌స్టర్
అందుకే తొట్టి కొలతలు రాసిన అన్నా. కొలతలు చెప్పకుండ "పెంచొద్దు" అంటే ఎవరూ వినరు. ఎంత కావాలో చెప్తే సగం మంది వాళ్లే ఆగిపోతరు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, వెడల్పు. పొడవు అందరూ చూస్తరు, కానీ చేప తిరగాల్సింది వెడల్పులోనే. నాలుగడుగుల చేపకి రెండడుగుల వెడల్పు ఇస్తే అది వెనక్కి ఎట్ల తిరగాలె?

సిమెంటు_ఇసుక (విజయవాడ)
చేపల గురించి నాకు పెద్దగా తెలియదు, సివిల్ పని చేస్తాను కాబట్టి ఒక మాట. నిజాంపేట గారూ, మీరు ఏ అంతస్తులో ఉన్నారు? 4x2x2 అంటే 16 ఘనపుటడుగులు, దాదాపు 450 లీటర్లు. నీళ్లు, గాజు, స్టాండు కలిపితే 600 కిలోలకి దగ్గర. ఇళ్ల స్లాబుకి డిజైన్‌లో లెక్కేసుకునే లోడు చదరపు మీటరుకి 200 కిలోలు. మీ ట్యాంకు ముప్పావు చదరపు మీటరు కూడా లేని చోట 600 కిలోలు పెడుతోంది. స్లాబు మొత్తం మీద భారం పంచుకుంటుంది కాబట్టి గోడ వారగా, బీము మీద అడ్డంగా ఉంటే మామూలుగా ఇబ్బంది రాదు. గది మధ్యలో ఉంటే మాత్రం జరపండి. "ఇంకా పెద్ద ట్యాంకు తీసుకుందాం" అని మాత్రం పైఅంతస్తులో అనుకోకండి. 8x4x2.5 ట్యాంకులో నీళ్లే 2,200 కిలోలు దాటతాయి. అది నేల మీద, గట్టి పునాది ఉన్న చోటే పెట్టాలి.

నిజాంపేట_నీళ్లు
రెండో అంతస్తు అండి. ట్యాంకు గోడ వారగానే ఉంది. 8 అడుగుల ట్యాంకు గురించి నిజంగానే ఆలోచించాను, ఇది చదివాక మానుకున్నాను. రాళ్లు, కోట తీసేశాను. నిన్న, ఇవాళ నీళ్లు మార్చాను, వాసన తగ్గింది. టెస్ట్ కిట్ ఇంకా రాలేదు.

చిన్నా_అక్వా (రాజమండ్రి)
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి అన్నయ్యలూ. నా దగ్గర రెడ్ టెయిల్ లేదు, నాలుగు షార్క్‌లు ఉన్నాయి. షాపులో సిల్వర్ షార్క్ అని ఇచ్చారు, మీసాలున్నాయి, బూడిద రంగు. రెండడుగుల ట్యాంకు. లైటు వేస్తే చాలు గాజుకేసి దబదబా కొట్టుకుంటున్నాయి, ఒకదానికి ముక్కు దగ్గర తెల్లగా చర్మం లేచిపోయింది. మందు ఏదైనా చెప్పండి.

కొల్లేటి_గట్టు
తమ్ముడూ, అది షార్క్ కాదు, పంగాసియస్ అనే క్యాట్‌ఫిష్. మా ఊళ్లో చెరువుల్లో టన్నుల లెక్కన పెంచేది, హోటళ్లలో బోన్‌లెస్ ఫిష్ అని వచ్చేది ఎక్కువగా ఇదే. ఆగ్నేయాసియాలోని మెకాంగ్, చావో ఫ్రాయా నదుల చేప. 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కి వచ్చి, తర్వాత మన కోస్తాకి పాకింది. మా చెరువుల్లో ఏడెనిమిది నెలల్లో కిలో తూగుతుంది. నదిలో వదిలేస్తే నాలుగడుగులు పెరుగుతుంది. దీని జాతిలోనే ఇంకో పెద్ద చేపుంది, మెకాంగ్ జెయింట్ క్యాట్‌ఫిష్ అని, 2005లో థాయ్‌లాండ్‌లో 293 కిలోలది పట్టారు.

గాజుకి కొట్టుకోవడం రోగం కాదు. ఇది గుంపుగా, దూరాలు ఈదే చేప. చూపు అంతగా ఆనదు, బెదురు ఎక్కువ. నీడ కదిలినా పరిగెత్తుతుంది, ఈ చిన్న ట్యాంకులో పరిగెత్తితే ఎదురయ్యేది గాజే. మా చెరువు గట్టు మీద నుంచి ఒక మనిషి నడిస్తే చాలు, మొత్తం గుంపు నీళ్లు చీల్చుకుంటూ అవతలికి పోతుంది. ఆ పరుగు రెండడుగుల్లో ఎలా కుదురుతుంది చెప్పు?

ఇంకో మాట, ఇది ఇందరి ఇళ్లల్లో ఎందుకు బతుకుతుందంటే పైకొచ్చి గాలి మింగి బతకగలదు. నీళ్లు పాడైనా వెంటనే చావదు. అందుకే పెంచేవాళ్లు అంతా బాగానే ఉందనుకుంటారు. బతికి ఉండటం వేరు, బాగుండటం వేరు. రెడ్ టెయిల్ అలా గాలి పీల్చదు, కరెంటు పోయి పంపు ఆగితే దాని పని అయిపోయినట్టే.

విశాఖ_జలచరం
చిన్నా, ఆ గాయానికి మందు పోయకు. క్యాట్‌ఫిష్‌లకి పొలుసులు ఉండవు, రాగి కలిసిన మందులు, మలకైట్ గ్రీన్ లాంటివి వీటికి పొలుసు చేపలకన్నా ఘాటుగా తగులుతాయి. ట్యాంకు మూడు వైపులా నల్ల కాగితం అంటించు, గదిలో లైటు వేశాక కాసేపు ఆగి ట్యాంకు లైటు వెయ్యి, నీళ్లు శుభ్రంగా ఉంచు. చర్మం అదే మానుతుంది. కానీ నాలుగింటినీ తీసుకునేవాళ్లని మాత్రం ఇప్పటినుంచే వెతుకు.

బంజారా_బాయ్ (హైదరాబాద్)
ఇంత గొడవ ఎందుకు బ్రో. ఏదైనా చెరువులోనో, గండిపేటలోనో వదిలేస్తే హ్యాపీగా పెరుగుతుంది కదా. చేప నీళ్లలోనే కదా ఉండాల్సింది.

కొల్లేటి_గట్టు
దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఎవరూ చెయ్యొద్దు. సక్కర్ ఫిష్ సంగతి తెలుసు కదా, పాచి తింటుందని అందరూ ఒకటి కొని వేసుకుంటారు, మా వాళ్లు దెయ్యం చేప అంటారు. అది కూడా దక్షిణ అమెరికా క్యాట్‌ఫిషే. అడుగున్నర పెరిగాక ట్యాంకులో పట్టక ఎవరో కాలవలో వేశారు, ఎక్కడెక్కడో ఇలాంటివాళ్లే వేశారు. ఇప్పుడు కృష్ణా కాలవల్లో, కొల్లేటి వైపు వల వేస్తే అదే పడుతోంది. ఒళ్లంతా కవచం లాంటి పెంకు, ముళ్లు. వలలో చిక్కుకుంటే తీయడానికి గంట పడుతుంది, వల చిరిగిపోతుంది. తినేవాళ్లు లేరు, కొనేవాళ్లు లేరు. గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది కాబట్టి గట్లు కూడా దెబ్బతింటాయి. నీళ్లు లేకుండా చాలాసేపు బతుకుతుంది, గట్టు మీద పడేసినా మళ్లీ నీళ్లలోకి జారిపోతుంది. మా బాబాయి వల బాగు చేసుకోవడానికి పెట్టిన డబ్బు నాకు తెలుసు, ఆ చేపని వదిలినవాళ్లకి తెలియదు.

విశాఖ_జలచరం
హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్ఏని పరీక్షించి, ఈ సక్కర్ జాతి తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో బాగా వ్యాపించిందని తేల్చారు. అంటే చేప కంటికి కనిపించని చోట కూడా ఉంది. కేరళలో 2018 వరదల తర్వాత నదుల్లో అరాపైమాలు, ఎలిగేటర్ గార్‌లు లాంటి పెద్ద విదేశీ చేపలు దొరికాయి, అవి ఎవరో తొట్లలో పెంచుకున్నవే. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది, అది మన నాటు క్యాట్‌ఫిష్ అయిన మార్పు చేపలకి, మిగతావాటికి చోటు లేకుండా చేస్తుందని. అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు, దాడులు చేసి పూడ్చిపెట్టిన వార్తలు వస్తూనే ఉన్నాయి. మన వాలుగ, జెల్లలు, మార్పులు ఇప్పటికే తగ్గిపోయాయి. ఒక్క చేపే కదా అనుకునేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు.

బంజారా_బాయ్
సరే, ఇంత ఉందని తెలియదు. మరి జూ అక్వేరియం వాళ్లకి ఇవ్వొచ్చు కదా?

లండన్_గోంగూర (ఇంగ్లండ్)
ఇక్కడి అనుభవం చెప్తాను. ఇంగ్లండ్‌లో జనం ఇలాగే రెడ్ టెయిల్స్, పాకూలు (ఇవీ బాగా పెద్దగా పెరిగే చేపలే) కొని, పెద్దయ్యాక పబ్లిక్ అక్వేరియాలకి ఫోన్ చేసేవారు. వాళ్లు మాత్రం ఎన్ని తీసుకుంటారు? చివరికి ఆ అక్వేరియాల వాళ్లే బిగ్ ఫిష్ క్యాంపెయిన్ అని పెట్టి, ఈ చేపలు మాకు తేవద్దు, అసలు కొనొద్దు అని ప్రచారం చేశారు. అంత పెద్ద ట్యాంకులున్న దేశంలోనే చోటు లేదు. మన దగ్గర జూ మీద ఆశ పెట్టుకోవడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. అడగండి, కానీ వాళ్లు కాదంటే ఏం చేయాలో ముందే అనుకోండి.

నిజాంపేట_నీళ్లు
అన్నీ చదివాను, ఇంట్లో కూడా చదివి వినిపించాను. టెస్ట్ కిట్ వచ్చింది, నీళ్లు మార్చాక కూడా రంగు ఆకుపచ్చగానే ఉంది, అంటే అమ్మోనియా ఇంకా ఉంది. చేప కింది పెదవి గాజుకి రాసుకుని ఎర్రబడింది, ఎడమ పక్క మీసం చివర కొంచెం తెగి ఉంది. రాత్రి తిరిగేటప్పుడు ముందు తల వంచి, ఒళ్లు గుండ్రంగా మడిచి, తోకతో వెనక గాజుని తన్నుకుని అప్పుడు మలుపు తీసుకుంటోంది. 14 అంగుళాలకే ఇలా ఉంటే ఏడాది తర్వాత ఈ ట్యాంకులో కదలలేదు. ఓరుగల్లు అన్నా, మీ తొట్టిలో దీనికి చోటు ఇవ్వగలరా? మీకు ఇబ్బంది అయితే మొహమాటం లేకుండా చెప్పండి.

ఓరుగల్లు_మాన్‌స్టర్
ఇస్త అన్నా. కానీ నా దగ్గర పెద్దది మూడడుగులకి దగ్గరుంది, 14 అంగుళాల దాన్ని నేరుగా వేస్తే మింగేస్తది. ఒక 6x4 అడుగుల తొట్టి ఖాళీగా ఉంది, కొత్త చేపల్ని అందులోనే ముందు విడిగా పెడత. రెండడుగులు దాటేదాకా అందులోనే పెంచుతా. తర్వాత షవల్‌నోస్‌ని మా దోస్తు ఫామ్‌కి పంపి దీన్ని పెద్ద తొట్టిలోకి మారుస్త. ఇంతకు మించి ఇంకొక్క చేప కూడా తీసుకోలేను, మిగతా సభ్యులు దయచేసి మెసేజ్‌లు పెట్టొద్దు.

తెచ్చేటప్పుడు ఇవి చూసుకో. బయల్దేరే ముందు రెండు రోజులు మేత ఆపు, లేకపోతే దార్ల కక్కి నీళ్లన్నీ పాడుచేస్తది. వలతో అస్సలు పట్టొద్దు. పక్క రెక్కల ముందు గట్టి ముల్లు ఉంటది, దానికి సన్నటి పళ్లు. వలలో ఇరుక్కుంటే కత్తెరతో వల కోయడం తప్ప దారి లేదు, గుంజితే ముల్లు ఇరుగుతది. పెద్ద ప్లాస్టిక్ టబ్బు ట్యాంకులోనే ముంచి, మెల్లగ చేపని అందులోకి తోలి, నీళ్లతో సహా ఇద్దరు పట్టుకుని లేపండి. మూత బిగుసుకునే 100 లీటర్ల డ్రమ్ములో ట్యాంకు నీళ్లే పొయ్యి, బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టు. ఎండ లేకుండ తెల్లారుజామున బయల్దేరితే మూడు గంటల్ల వరంగల్.

విశాఖ_జలచరం
మేత గురించి కూడా మాట్లాడుకోండి, చికెన్‌కి అలవాటు పడిన చేప పెల్లెట్లు (గుళికల మేత) తినడానికి మొండికేస్తుంది. కోడి కొవ్వు వీటికి సరిగా అరగదు, లోపల పేరుకుంటుంది. బతికున్న గోల్డ్‌ఫిష్ వేసే అలవాటు కూడా మంచిది కాదు. వాటితో రోగాలు వస్తాయి, వాటిలో ఉండే థయమినేజ్ అనే ఎంజైమ్ వల్ల బి1 విటమిన్ లోపం వస్తుంది. మునిగే పెల్లెట్లు, అప్పుడప్పుడు పొట్టుతో రొయ్య, చేప ముక్క చాలు. పిల్లకి రోజు విడిచి రోజు, పెద్దదానికి వారానికి ఒకటి రెండుసార్లు.

ఓరుగల్లు_మాన్‌స్టర్
అవును మేడమ్. నేను మొదట రొయ్యని పెల్లెట్ల పొడిలో దొర్లించి ఇస్త, మెల్లమెల్లగ రొయ్య తగ్గించుకుంటూ పోత. ఆకలైతే తింటది.

నిజాంపేట_నీళ్లు
చేప వరంగల్ చేరింది. డ్రమ్ములో దారంతా కదలకుండా అడుగున పడుకుంది, భయపడ్డాం, తొట్టిలోకి దించగానే అటూ ఇటూ చివరిదాకా ఈదింది. పిల్లలు కూడా వచ్చారు, వాళ్లకి అక్కడ పెద్దదాన్ని చూపించారు, దాని నోరు చూసి మా చిన్నది నా చెయ్యి వదల్లేదు. ఓరుగల్లు అన్నా వాళ్లింట్లో భోజనం పెట్టందే పంపలేదు, చాలా థ్యాంక్స్.

ఇప్పుడు 4 అడుగుల ట్యాంకు ఖాళీగా ఉంది. పిల్లలు మళ్లీ మీసాల చేపే కావాలంటున్నారు. పెద్దగా పెరగనివి ఏమైనా ఉన్నాయా?

విశాఖ_జలచరం
బోలెడు. కోరిడోరాస్ అయితే ఎనిమిది పది కలిపి వేయండి, రెండు మూడంగుళాలే, అడుగున సన్న ఇసుక పోస్తే ముక్కు గుచ్చి తవ్వుకుంటూ తిరుగుతాయి. పాచి తినడానికి సక్కర్ బదులు బ్రిజిల్‌నోస్ తీసుకోండి, అయిదారు అంగుళాల దగ్గర ఆగిపోతుంది. తలకిందులుగా ఈదే సైనోడాంటిస్ నైగ్రివెంట్రిస్ అని ఒకటుంది, నాలుగంగుళాలు. పిల్లలకి అది చూపించండి. షాపులో పేరు అడిగి, పెద్దయ్యాక ఎంత అవుతుందో ఇక్కడ అడిగాకే డబ్బులివ్వండి, ఎందుకంటే సైనోడాంటిస్ అనే పేరుతోనే అడుగు పెరిగేవి కూడా అమ్ముతారు. ఇంకో మాట, ముందు ఆ ట్యాంకు అమ్మోనియా సున్నాకి రావాలి. అప్పటిదాకా ఒక్క చేపనీ తేవద్దు.

చిన్నా_అక్వా
మేడమ్, నల్ల కాగితం అంటించాక కొట్టుకోవడం తగ్గింది. కడియం దగ్గర నర్సరీ ఉన్న మా మావయ్య వాళ్ల నీళ్ల ట్యాంకు పెద్దది, నాలుగు వైపులా గోడ, కాలవతో సంబంధం లేదు. నాలుగింటినీ అందులో వేయొచ్చా?

కొల్లేటి_గట్టు
పొడవు, వెడల్పు, లోతు రాయి తమ్ముడూ. వాన పడినప్పుడు పొర్లి నీళ్లు ఎటు పోతాయో కూడా చూసి రాయి. మొక్కలకి కొట్టే మందు ఆ ట్యాంకులోనే కలుపుతారేమో అడుగు, అలా అయితే వద్దు.